మోచేతి లోతు నీళ్లు

"అల్లుడా, లే. చేపలు మీదికొచ్చినయి."

కళ్లు తెరుస్తావు. డాబా మీద చీకటి. వీపు కింద చాప చెమటకు తడిసి ఉంది. ఫోన్ చూస్తే 4:10. రోహిణి కార్తె. రాత్రంతా ఆకు కదల్లేదు. పైన ఒక్క చుక్క లేదు. నిన్న పొద్దున పట్టిన మబ్బు కురవనూ లేదు, పోనూ లేదు. మెట్ల దగ్గర మామ నిలబడి ఉన్నాడు, భుజాన వల, చేతిలో టార్చిలైటు. రెండోసారి పిలవడు. అప్పటికే దిగిపోతున్నాడు.

చొక్కా గుండీలు పెట్టుకునేలోపు కింద బండి స్టార్టవుతుంది. వెనక కూర్చుంటావు. పెబ్బేరు రోడ్డు దాటి, సర్కారు తుమ్మల మధ్య బండ్లబాటలో దడదడమంటూ పోతుంటే నిద్ర మొత్తం వదులుతుంది. హైదరాబాదు నుంచి నిన్న రాత్రే వచ్చావు. నాలుగు రోజులు మామిడికాయలు తిని పోదామని.

బాట చివర చెరువు కట్ట. ఈ సీమలో చెరువుకు సముద్రమని పేరు పెట్టుకుంటారు. వనపర్తి సంస్థానం చెరువులను సప్తసముద్రాలంటారు, శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి గుడి నీడ పడేది రంగసముద్రంలోనే. మీ ఊరిది అంత పెద్దింటి చెరువు కాదు. నిండితే నూరెకరాలు, ఈ ఎండకు నలభై. అయినా ఊళ్లో ఎవరినడిగినా సముద్రమనే అంటారు. నీళ్లు కళ్లబడేది అరుదైన చోట ఆ మాత్రం గొప్ప చెప్పుకోవడంలో తప్పేముంది?

కట్ట ఎక్కుతావు. ముందు వాసన తగులుతుంది. పచ్చి గడ్డి కోసి గోనెసంచిలో కుక్కి రెండ్రోజులు మగ్గబెడితే వచ్చే వాసన. దాని కింద ఇంకేదో, కుళ్లినది. తర్వాత చప్పుడు.

చప్. చప్. చప్.

వాన మొదలైందా? అరచేయి చాపుతావు. పొడి. చప్పుడు చెరువులోంచి వస్తోంది. మామ టార్చి వేస్తాడు.

నోళ్లు. వెలుగు పడ్డ మేరా నోళ్లే. గాజంత గుండ్రంగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ముందు వరసలో బొచ్చెలు, వాటి వెనక రవ్వులు. టార్చి తగిలితే బెదిరి మునగాల్సిన చేపలు, మునగడం లేదు. గట్టు అంచుకు చిన్న రొయ్యలు పాకి వచ్చి తడి మట్టి మీద కాళ్లు ఆడిస్తున్నాయి.

"కొరమీన్లకు ఏం కాలె," అంటాడు మామ. "అవ్వి పైకొచ్చి మన లెక్క గాలి పీలుస్తయి. వీటికే లేదు."

ఆ ఒక్క మాటతో రోగం ఏంటో సగం చెప్పేశాడు. నీళ్లలో ఊపిరి అయిపోయింది.

మోకాళ్ల మీద కూర్చుని టార్చి నీళ్లకు ఆనించి పట్టుకుంటావు. రంగు తెలుస్తుంది. గోడకు వేసే ఆకుపచ్చ పెయింటు డబ్బా ఎవరో ఒంపినట్టుంది. మీద మీగడ కట్టింది. మీగడలో సన్నని రవ్వలాంటి చుక్కలు. కుడిచేయి నీళ్లలోకి దించుతావు. వేళ్లు. మణికట్టు. అరచేయి కనబడుతోందా? లేదు. మోచేయి ఇంకా పైనే ఉంది, అరచేయి అప్పుడే మాయమైంది.

ఈ పచ్చదనమే పగలు చేపలకు ఊపిరి పోసింది. ఎండ ఉన్నంతసేపు నాచు తిండి వండుకుంటుంది, ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి దానికీ ఊపిరి కావాలి. చేపలతో పోటీపడి అదే ఆక్సిజన్ లాగేస్తుంది. నిన్న పగలంతా మబ్బు, వండింది తక్కువ. రాత్రంతా గాలి లేదు, పైనుంచి కలిసిందీ తక్కువ. లీటరు నీళ్లలో 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే చేప హాయిగా తిరుగుతుంది. 2 కంటే దిగితే ఇలా నోరు తెరుస్తుంది. అన్నిటికన్నా తక్కువుండేది సూర్యోదయానికి ముందు. అంటే, ఇప్పుడు. ఇంకా గంటన్నర ఇది ముదురుతూనే ఉంటుంది.

"ఏం చేద్దాం, చెప్పు. చదువుకున్నోడివి. నీ పని గిదే గద?"

అవును. నీ పని ఇదే. సిగ్గుగా ఉంటుంది, కానీ ఇదే.

హైదరాబాదు ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది, భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో పెట్టారు. సునామీ హెచ్చరిక ఇచ్చేదీ, జాలర్లకు ఫలానా చోట చేపలు ఉండొచ్చని చెప్పేదీ అక్కడినుంచే. ఉప్పునీటి చుక్క కనబడని ఊళ్లో కూర్చుని నువ్వు పొద్దున్నే తెర మీద సముద్రాన్ని చూస్తావు. నాచు పొంగుల కబురు చెప్పే సేవ ఒకటుంది. దానికి నాలుగు చోట్ల మీద ప్రత్యేకంగా కన్ను: ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరం. నీళ్లలో నాచు పెరిగితే అది నీలి వెలుగును మింగుతుంది, ఆకుపచ్చను తిప్పి పంపుతుంది. ఆ తేడాను ఆకాశంలోంచి ఉపగ్రహం పట్టుకుంటుంది. మన ఓషన్‌శాట్ పంపే బొమ్మలు దిగేది షాద్‌నగర్ దగ్గర జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంలో. నిన్న నీ బస్సు ఆ ఊరి మీదుగానే వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోకముందు షాద్‌నగర్, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ ఒక్క పాలమూరే. అరేబియా సముద్రం రంగు మారిందని ముందు తెలిసేది పాలమూరు బీట్లో పెట్టిన గిన్నె యాంటెన్నాకు!

మరి మామ చెరువు?

ఫోన్ తీస్తావు. చేతివేళ్లకు పచ్చ జిగురు. చొక్కాకు తుడిచి తెర నొక్కుతావు. నువ్వు రోజూ వాడే బొమ్మల్లో ఒక గడి అంటే నేల మీద కిలోమీటరు పొడుగు, కిలోమీటరు వెడల్పు. 247 ఎకరాలు. ఈ సముద్రం అందులో ఓ మూలకు కూడా రాదు. ఓషన్‌శాట్ గడి చిన్నది, 360 మీటర్లు. అయినా ముప్పై ఎకరాలపైనే. నలభై ఎకరాల వంకరటింకర చెరువును దాని మీద పెడితే కట్ట, తుమ్మచెట్లు, బురద అన్నీ నీళ్లతో కలిసి ఒకే మురికి రంగు అవుతాయి. పడమట జూరాల వెనకనీళ్లు, తూర్పున కొల్లాపూర్ అవతల సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయం, వాటిని చూడొచ్చు. దీన్ని చూడాలంటే యూరోపువాళ్ల సెంటినెల్-2 కావాలి. గడి 10 మీటర్లు, చెరువు బాగానే దొరుకుతుంది. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకోసారి పైనుంచి పోతాయి, పొద్దున పదిన్నర ప్రాంతంలో.

బొమ్మ తెరుచుకుంటుంది. చివరిసారి తీసింది చూస్తావు. తెల్లగా ఉంది. మబ్బు. అంతకుముందుది పది రోజుల కిందటిది. చెరువు అప్పుడే పచ్చగా, గట్టంచున కాటుక గీసినట్టు చిక్కగా ఉంది.

పది రోజుల కిందటే ఉంది. ఎవరూ చూడలేదు. నువ్వూ చూడలేదు.

ఉపగ్రహం కళ్లు మూసేదీ మబ్బే, చేపల గొంతు నులిమిందీ మబ్బే. ఆకాశం ఎక్కువ అవసరమైన రోజునే ఆకాశం కనిపించదు.

"మామా, ఆయిలింజను ఉందా?"

"పొలం కాడుంది."

"తే. పైపు కూడా. నీళ్లు తోడి మళ్లీ చెరువులోనే పైనుంచి కొట్టాలె. ఎంత ఎత్తునుంచి పడితే అంత గాలి కలుస్తది. కాల్వలకెంచి నీళ్లొస్తే వదులుకుందుము, కాల్వ ఎండిపాయె."

బండి శబ్దం చీకట్లోకి పోతుంది. నువ్వు, చెరువు, నోళ్లు. చప్. చప్.

ఇప్పుడొక సంగతి తేల్చుకోవాలి. ఇది ఏ నాచు? గట్టున పడి ఉన్న తుమ్మకొమ్మ తీసి నీళ్లలో ముంచి పైకి లేపుతావు. దారాల్లా, జుట్టులా వేలాడితే మామూలు పాకుడు, దిగులు లేదు. వేలాడ్డం లేదు. కొమ్మకు పెయింటు పూసినట్టు అంటుకుంది. కట్ట మీద దొరికిన ఖాళీ సీసా కడిగి, చెరువు నీళ్లు ముప్పావు వంతు నింపి, మూత బిగించి రాయి మీద కదలకుండా పెడతావు. మామూలు నాచైతే కిందికి దిగుతుంది. నీలాకుపచ్చ రకమైతే దాని కణాల్లో చిన్న గాలితిత్తులు ఉంటాయి, తేలుతుంది. చూస్తూ కూర్చోవాలి. అరగంట పట్టొచ్చు.

అరగంట కూర్చునే ఓపిక చేపలకు లేదు. వెల్లకిలా పడినవి అప్పుడే ఒకటీ రెండూ తెల్లగా కనబడుతున్నాయి.

ఇంజను వస్తుంది. దాంతోపాటు నలుగురు మనుషులు, చేపల సొసైటీ వాళ్లు. పైపు నీళ్లలోకి దించుతుంటే, "అడుగుకు పోనీయకుండ్రి" అని అరుస్తావు. అడుగు బురద దగ్గర ఉన్న నీళ్లు పైవాటికంటే చచ్చినవి. పైపును ఖాళీ డబ్బాకు కట్టి మధ్యలో వేలాడదీస్తారు. ఇంజను దగ్గుతుంది, పొగ కక్కుతుంది, అందుకుంటుంది. పచ్చటి నీటి తాడు గాల్లోకి లేచి విరిగి తుంపరలై పడుతుంది. అది పడే చోటికి బొచ్చెలు మెల్లగా తోసుకొస్తాయి. ఎవరో గట్టిగా నవ్వుతారు. నీకూ నవ్వొస్తుంది.

అప్పుడే ఇంకో బండి ఆగుతుంది. దాని ముందు ఒక సంచి.

"మైలుతుత్తం," అంటాడు దిగినాయన. బత్తాయి తోటకు తెచ్చి పెట్టుకున్నదట. "చల్లితే పొద్దెక్కేసరికి నాచంతా చస్తది. తాతల కాలం నుంచి ఉన్నదే."

అబద్ధం కాదు. చస్తుంది. సంచి మూతి విప్పేశాడు. నీలి పలుకులు టార్చి వెలుగులో మెరుస్తాయి. అందరూ నీ వైపు చూస్తున్నారు. ఈ ఊళ్లో నీ మాటకు ఇంత విలువ ఇంతకుముందెప్పుడూ లేదు, భయమేస్తుంది.

చచ్చిన నాచు కుళ్లాలి. కుళ్లడానికీ ఆక్సిజన్ కావాలి. ఉన్న కాస్తా పోతుంది. అదొకటి. రెండోది ఇంకా చెడ్డది. ఈ రకం నాచు కొన్నిసార్లు కడుపులో విషం దాచుకుంటుంది. బతికున్నంతసేపు చాలావరకు లోపలే ఉంటుంది. తుత్తం తగిలితే కణం పగులుతుంది, విషం నీళ్లలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలో పామ్ ఐలాండ్ అనే చోట 1979లో జరిగిందిదే. తాగునీటి చెరువులో నాచు పెరిగిందని తుత్తం చల్లారు. ఆ తర్వాత 148 మంది కాలేయం వాచి, వాంతులతో ఆస్పత్రి పాలయ్యారు. ఎక్కువమంది పిల్లలే.

"వద్దన్నా."

"చేపలన్నీ పోతయిరా."

"చల్లితే తొందరగా పోతయి. వద్దన్నా, దండం పెడ్త."

ఆయన మామ వైపు చూస్తాడు. మామ ఇంజను వైపు చూస్తాడు. చాలాసేపు. "కట్టేయ్," అంటాడు చివరికి. సంచి మూతి మళ్లీ బిగుస్తుంది.

తూర్పున మబ్బు అంచు బూడిదరంగుకు తిరుగుతోంది. రాయి మీది సీసా గుర్తొస్తుంది. వెళ్లి చూస్తావు. కింద నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. పైన వేలెడు మందాన పచ్చటి గడ్డ.

తేలింది.

విషం ఉందా లేదా అన్నది సీసా చెప్పదు. నీ కన్నూ చెప్పదు. ఒకే రకం నాచులో విషం తయారుచేసేవీ ఉంటాయి, చేయనివీ ఉంటాయి. తెలియాలంటే ప్రయోగశాలకు పోవాలి. తెలిసేదాకా ఉన్నట్టే అనుకోవాలి. చేతులు గుర్తొస్తాయి. ఇందాకటి నుంచి ముఖానికి పట్టిన చెమట తుడుచుకున్నది ఈ చేతులతోనే. బోరు నీళ్లు తెచ్చిన క్యాను వంచి మోచేతులదాకా కడుక్కుంటావు, ముఖమూ కడుక్కుంటావు.

అత్త చాయ్ పట్టుకొచ్చింది. ఇంట్లోకి భగీరథ నల్లా ఉంది, తాగడానికి ఈ చెరువుతో పని లేదు. అయినా అడుగుతుంది, "బట్టలకు, బాసండ్లకు నీళ్లు కాసుకుంటే సరిపోదా?"

"కాస్తే విషం పోదత్తా. ఇంకింత బయటికొస్తది."

నమ్మదు. కాచితే పోని రోగం ఉంటుందని ఏ తల్లి నమ్ముతుంది? 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో అనే ఊరికి ఇదే మాట చెప్పాల్సి వచ్చింది. ఈరీ సరస్సులో నాచు పొంగి, విషం నీళ్ల కర్మాగారం దాకా వచ్చింది. నాలుగు లక్షల మందికి కబురు పంపారు: నల్లా నీళ్లు తాగొద్దు, కాచీ తాగొద్దు. ఆ సరస్సుకు ఏటా ముందే జోస్యం చెబుతున్నారు. వసంతంలో పొలాల నుంచి ఏట్లోకి ఎంత ఫాస్ఫరస్ కొట్టుకొచ్చిందో లెక్కగట్టి, ఎండాకాలానికి నాచు ఎంత పెరుగుతుందో అంచనా వేస్తారు. ఈ చెరువు పైన ఉన్నవీ పొలాలే. డీఏపీ పడని మడి ఒక్కటీ లేదు.

చాయ్ గ్లాసు పెదాలకు ఆనిస్తావు. చెంపకు చల్లగా ఏదో తగులుతుంది.

గాలి.

నిన్నటినుంచి కదలని గాలి కదిలింది. పడమటి గాలి. గ్లాసు చేతిలోనే ఆగుతుంది. గాలి మంచిదే, నీళ్లకు ఊపిరి పోస్తుంది. మనుషులు "హమ్మయ్య" అంటున్నారు. నీ కళ్లు మాత్రం మీగడ మీదున్నాయి. పొద్దున చెరువంతా పరుచుకున్న పొర ముడతలు పడుతోంది. మడతలు పడి జరుగుతోంది. తూర్పుకు.

రోజూ తెర మీద చేసే పనే ఇది. గాలి ఎటు, ప్రవాహం ఎటు, నాచు మచ్చ రేపటికి ఏ తీరం చేరుతుంది? గాలి వేగంలో నూటికి రెండు మూడు వంతులతో పైపొర కదులుతుంది. సముద్రంలో అయితే దీనికి కంప్యూటర్లు గంటలకొద్దీ లెక్క చేస్తాయి. ఇక్కడ లెక్క చూపుడువేలంత. పడమటి గాలి, తూర్పు గట్టు. పొర అంతా పోయి అక్కడ మేట వేస్తుంది. పలచగా ఉన్న విషం అక్కడ పదింతలు, వందింతలు చిక్కనవుతుంది.

తూర్పు గట్టున ఏముంది?

బర్రెల రేవు.

టైం ఎంత? 5:50. బర్రెలు విడిచే వేళ.

గ్లాసు కింద పెట్టవు. పడేస్తావు.

పరిగెత్తు. కట్ట మీద గులకరాళ్లు. కాళ్లకు చెప్పుల్లేవు. ముల్లు దిగుతుంది. తీయకు. ఎడమ పక్క నీళ్లు, పచ్చటి మడతలు నీతోపాటే పరిగెత్తుతున్నాయి. ముందు దుమ్ము లేస్తోంది. గంటల చప్పుడు. తుమ్మల సందులోంచి నల్లటి వీపులు. ఒకటి. నాలుగు. పది. ముందున్న ముసలి బర్రె తల వంచి నడక పెంచింది. వాసన పట్టింది. నీళ్ల వాసన. రాత్రంతా దాహం. దాన్నెవరు ఆపుతారు?

రేవులో దూకుతావు. కాళ్ల కింద మెత్తగా, చల్లగా. చీలమండల చుట్టూ పచ్చటి గుజ్జు. వెనక్కి తిరుగుతావు. బర్రె ఎదురుగా. కొమ్ములు. ఊపిరి ముఖానికి కొడుతోంది.

"హో! హో! ఆగు!"

ఆగదు. చేతులు చాపుతావు. తల పక్కకు తిప్పి నిన్ను దాటబోతుంది. ముట్టె నీళ్లకు జానెడు దూరం. దవడ మీద చరుస్తావు. కొమ్ము పట్టుకుంటావు. లాగుతుంది. కాలు జారుతుంది. ఒక మోకాలు గుజ్జులో.

"తోలుకపో! నీళ్లు తాగనియ్యకు! విషం!"

బర్రెల కాపరి పిల్లగాడు వెనకెక్కడో. అర్థం కాలేదు. "విషం!" ఈసారి అర్థమైంది. కర్ర గాల్లో ఊపుతూ వస్తాడు. ముసలిది ఒక అడుగు వెనక్కి వేస్తుంది. ఇంకో అడుగు. మంద దాని వెనక తిరుగుతుంది. దుమ్ము. గంటలు. దూరం.

నీళ్లలో కూర్చుండిపోతావు. వెంటనే గుర్తొచ్చి లేస్తావు.

ఇంత హడావిడి అవసరమా అని ఎవరైనా అడగొచ్చు. ఈ రోగం గురించి శాస్త్రపత్రికలో ముందుగా రాసినవాళ్లలో ఒకాయన రాసింది పశువుల గురించే. 1878లో ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు గట్టున గాలికి మేట వేసిన పచ్చటి మడ్డి తాగి గొర్రెలు, గుర్రాలు, పశువులు గంటల్లో పడిపోయాయని జార్జ్ ఫ్రాన్సిస్ 'నేచర్'లో రాశాడు. అప్పటికి ఉపగ్రహం లేదు, గాలి ఎటు వీచిందో చూసుకోవడం తప్ప మార్గం లేదు.

మామ వస్తాడు, రొప్పుతూ. నీ కాళ్ల మీద క్యానుడు నీళ్లు గుమ్మరిస్తాడు. ముల్లు తీస్తాడు. ఏమీ అనడు.

సూర్యుడు మబ్బు చీల్చేసరికి ఏడవుతుంది. వెలుగు పడగానే నాచు మళ్లీ పనిలోకి దిగింది, ఊపిరి వదలడం మొదలుపెట్టింది. రాత్రి పీక నొక్కిన చేత్తోనే ఇప్పుడు నీళ్లు తాగిస్తోంది. నోళ్లు ఒక్కొక్కటే మునుగుతాయి. చప్పుడు ఆగిపోతుంది. రాత్రికి మళ్లీ ఇదే కథ అని నీకు తెలుసు, మామకూ తెలుసు, ఇంజను ఇక్కడే ఉంచమంటున్నాడు.

గట్టున చచ్చిన చేపలు వెండిపట్టీలా పరుచుకుని ఉన్నాయి. వానకాలంలో బొటనవేలంత పిల్లలుగా వదిలినవి. ఇప్పుడొక్కొక్కటి కిలో, కిలోన్నర. బేరగాడికి ఫోను పోయింది, ఆటో ట్రాలీ, ఐసు గడ్డలతో వచ్చేశాడు. గద్వాల దాకా తీసుకుపోతానంటున్నాడు. ధర సగానికి అడుగుతున్నాడు. సగమైనా సగమే.

"ఊపిరాడక చచ్చినయి గద, విషానికి కాదుగద?" అని మామ నిన్ను అడుగుతాడు, మెల్లగా, బేరగాడు వినకుండా.

ఏం చెబుతావు? విషం ఎక్కువ చేరేది చేప కాలేయంలో, పేగుల్లో. పొట్ట తీసి కడిగితే చాలావరకు పోవచ్చు. పోవచ్చు. 1997లో కేరళ విళింజంలో ఆలిచిప్పలు తిన్నవాళ్లు కూడా కడుక్కునే తిని ఉంటారు. అది సముద్రపు నాచు, వేరే విషం. ఏడుగురు పోయారు. నీ దగ్గర పరీక్ష ఫలితం లేదు, చేతిలో సీసా ఉంది.

"నాకు తెల్వదు మామా. తెలిసేదాకా నేనైతే మా ఇంట్ల వండనీయను."

మామ గట్టున కూర్చుంటాడు. బీడీ ముట్టిస్తాడు. అది సగమయ్యేదాకా ఎవరూ మాట్లాడరు. తర్వాత లేచి బేరగాడి దగ్గరికి పోయి ఏదో అంటాడు. ట్రాలీ ఖాళీగా వెనక్కి తిరుగుతుంది. ఐసు కరిగి బాటంతా తడిగీత. మామ పార తీసుకుంటాడు, నువ్వొకటి తీసుకుంటావు. కట్టకు దూరంగా, నీళ్లు జారని చోట గుంత తవ్వడం మొదలుపెడతారు. మట్టి గట్టిది. రోహిణి ఎండకు ఇటుకలా ఉంది.

తవ్వుతూ నీ బల్ల సొరుగులో ఉన్న ఒక పాత కాగితాల కట్ట గురించి మామకు చెబుతావు. 1969లో అచ్చైన మూడు పేజీల వ్యాసం. వాల్తేరు తీరంలో సముద్రం రంగు మారితే, అది ఆస్టీరియనెల్లా అనే సూక్ష్మ నాచు పొంగు అని డి.వి. సుబ్బారావు అనే పరిశోధకుడు రాశాడు. తర్వాత ఆయన కెనడా పోయాడు. 1987 చివర్లో అక్కడ ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం ఆలిచిప్పలు తిని నూరుమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు జ్ఞాపకశక్తే పోగొట్టుకున్నారు, కొందరు చనిపోయారు. ఆ విషం డొమోయిక్ ఆమ్లమని తేలింది. ఒక సూక్ష్మ నాచును సీసాలో పెంచి, ఆ ఆమ్లాన్ని తయారుచేసేది అదేనని మరుసటేడు చూపించిన వాళ్లలో ఈయన ఒకడు.

"ఉపగ్రహంతోని చూసిండా?"

"లేదు మామా. నీళ్లు ముంచుకొచ్చి చూసిండు."

మామ పార ఆపి, రాయి మీది నీ సీసా వైపు ఒకసారి చూసి, మళ్లీ తవ్వుతాడు.

పదిన్నరకు ఇద్దరూ కట్ట మీద ఉంటారు. గుంత పూడ్చేశారు. మబ్బు విరిగింది. నీడలు కురచయ్యాయి. ఫోన్లో చూస్తావు, ఇవాళ సెంటినెల్ పోయే రోజే. ఇప్పుడే, మీ ఇద్దరి మీదుగా, ఎక్కడో పైన. తల ఎత్తుతావు. ఏమీ కనబడదు. చప్పుడు లేదు. బొమ్మ రాత్రికో రేపటికో వస్తుంది. తూర్పు గట్టున మేట వేసిన పచ్చదనం అందులో పడుతుంది, బర్రెల రేవు పక్కన. అప్పుడది ఎంత చిక్కగా ఉందో ఒక అంకె వస్తుంది. కానీ ఆ అంకెకు అర్థం చెప్పాలంటే అదే పూట, అదే చోట నీళ్లలో నిజంగా ఎంత ఉందో ఎవరో కొలిచి ఉండాలి. సముద్రంలో అయితే దానికి పడవలు, తేలే పరికరాలు ఉంటాయి.

"మామా, చెయ్యి పెట్టు."

"ఏంది?"

"నీళ్లల్ల. అరచేయి ఏడ మాయమైతదో చెప్పు. రోజూ గీ టైంకు, గిదే తావున. చెయ్యి బోరు నీళ్లతోని కడుక్కో. పుస్తకంల రాయి."

నువ్వు ముందు నీ చేయి దించి చూపిస్తావు. అరచేయి మాయమైనప్పుడు చేతి మీద నీటి గీత పడ్డ చోట గుర్తు పెట్టి, అరచేతి నుంచి అక్కడిదాకా తాడుతో కొలిచి చెబుతావు. తొమ్మిదంగుళాలు. మామ చొక్కా చెయ్యి మడిచి పక్కనే దించుతాడు. కళ్లు చికిలించి చూస్తాడు.

"ఎనిమిదే."

"తొమ్మిది మామా. నీ కంటిచూపు తగ్గింది."

"తగ్గనీ," అంటాడు మామ, తాడు నీ చేతిలోంచి తీసుకుని తన మోచేయి దగ్గర ముడి వేస్తూ. "నువ్వు ఎల్లుండి బస్సెక్కుతవు. ఆనాటిసంది నా కన్నే, నా చెయ్యే. ఎనిమిదని రాయి."

రాస్తావు.